తూనీగలు, చెరువులు, దోమలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

వానాకాలం మొదలైనప్పటి నుంచి ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాల్లో తూనీగల గురించినవే ఎక్కువ. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: సెప్టెంబరులో సాయంత్రం పూట మా కాలనీ గ్రౌండు మీద వందలకొద్దీ పసుపురంగు తూనీగలు తిరుగుతుంటాయి. దగ్గర్లో చెరువేమీ లేదు. ఇవి ఎక్కడి నుంచి వస్తున్నాయి? తూనీగలు కిందుగా ఎగిరితే వాన వస్తుందంటారు, నిజమేనా?
— రిటైర్డ్ ఉద్యోగి, ఉప్పల్

మీరు చూస్తున్నది దాదాపుగా పాంటాలా ఫ్లావెసెన్స్ అనే వలస తూనీగ. దీని వెనక రెక్కలు మొదట్లో బాగా వెడల్పు. అందుకే రెక్కలు పెద్దగా ఆడించకుండా గాలి మీద తేలుతూ గంటల తరబడి తిరగగలదు. ఇది వాలడం అరుదు. వాలితే కొమ్మకు నిలువుగా వేలాడుతుంది.

దీనికి చెరువుతో పనిలేదు. వాన పడ్డాక గ్రౌండు పల్లంలో, కడుతున్న ఇంటి గుంతలో, బండ మీది గుంటలో నిలిచిన నీళ్లు చాలు. వెచ్చటి నీళ్లలో దీని పిల్లపురుగు 40 రోజుల చుట్టుపక్కలే పెరిగి రెక్కలు తొడుక్కుంటుంది, గుంట ఎండేలోపే లేచిపోతుంది. కొత్తగా నిండిన గుంటలో దాన్ని తినే చేపలు ఉండవు. వానల వెంట ఊళ్లు మారడంలో దీనికున్న లాభం అదే.

నైరుతి గాలులతో ఇటు వచ్చినవాటి సంతానం, వానలు వెనక్కి తగ్గేవేళ దక్షిణానికి కదులుతుంది. మాల్దీవుల్లో ఉండే సముద్ర జీవశాస్త్రవేత్త చార్లెస్ ఆండర్సన్ 2009లో ఒక సంగతి ప్రచురించారు. తూనీగలు పెరగడానికి మంచినీళ్లే సరిగా లేని ఆ దీవుల్లోకి ఏటా అక్టోబరులో ఇవి గుంపులుగా దిగుతున్నాయని, భారతదేశం నుంచి సముద్రం దాటి తూర్పు ఆఫ్రికా వైపు పోతున్నాయని. పోయిన తూనీగే తిరిగి రాదు. ఆ రాకపోకలు పూర్తి కావడానికి కొన్ని తరాలు పడుతుంది. మీ గ్రౌండు మీద తిరిగేవి ఆ దారిలో ఆగి మేస్తున్నవే కావచ్చు.

వాన మాటలో కొంత నిజం ఉంది. వానమబ్బును తెచ్చే గాలులే వీటినీ మోసుకొస్తాయి కాబట్టి రెండూ కలిసి కనబడతాయి. కిందుగా ఎగరడానికి మాత్రం తిండే ముఖ్య కారణం. తడిసిన నేల నుంచి ఉసిళ్లు లేచినప్పుడు వాటి కోసం దిగుతాయి. అంటే చాలాసార్లు అవి చెప్పేది కురవబోయే వాన గురించి కాదు, కురిసిన వాన గురించి.

ప్రశ్న: రాత్రి ట్యూబులైటు దగ్గరికి తూనీగ వచ్చింది. పిల్లలు కుడుతుందని భయపడ్డారు. కుడుతుందా?
— గృహిణి, మలక్‌పేట

కుట్టదు. తూనీగకు కొండి లేదు, విషం లేదు. తోక చివర కనిపించే కొక్కేల్లాంటివి మగ తూనీగ ఆడదాని మెడను పట్టుకోవడానికి. పెద్ద తూనీగను గుప్పిట్లో నలిపితే దవడలతో కొరకవచ్చు, అంతే. ఇంట్లో దీపం ఆర్పి, బయట దీపం వేసి, ఫ్యాను ఆపండి. అప్పటికీ పోకపోతే స్టీలు గ్లాసు బోర్లించి, కింద అట్టముక్క జరిపి బయట వదలండి. ఫ్యాను ఆపడం మరిచిపోవద్దు, గదిలోకి వచ్చిన తూనీగలు ఎక్కువగా చచ్చేది దాని వల్లే.

ప్రశ్న: తూనీగలు దోమలను తింటాయి కదా. డెంగీ భయంతో మా అపార్ట్‌మెంటు డాబా మీద తూనీగల కోసం నీళ్ల గోలెం పెట్టాలనుకుంటున్నాం. ఎలా పెట్టాలి? దోమలే పెరుగుతాయని కొందరు అడ్డు చెబుతున్నారు.
— అసోసియేషన్ సభ్యురాలు, సరూర్‌నగర్

అడ్డు చెబుతున్నవారి మాటను కొట్టిపారేయలేం. ముందు అది చూద్దాం.

డెంగీ దోమ పగలు, ముఖ్యంగా పొద్దున, సాయంత్రం కుడుతుంది. మిగతా వేళ మంచం కింద, పరదాల వెనక, బీరువా చాటున నక్కి ఉంటుంది. తూనీగ వేటాడేది ఎండలో, ఆరుబయట. ఈ రెండూ ఎదురుపడేది తక్కువ. సందెవేళ తిరిగే గైనకాంతా జాతి తూనీగలు దోమలను బాగానే తింటాయి కానీ, అవీ ఇంట్లోకి వచ్చి వేటాడవు. కాబట్టి ఎగిరే తూనీగ మీద డెంగీ భారం వేయడం సరికాదు.

నీళ్లలో సంగతి వేరు. తూనీగ లార్వా (పిల్లపురుగు) కింది పెదవి మడతపెట్టిన చెయ్యిలా తల కింద ముడుచుకుని ఉంటుంది. ఎర దగ్గరికి రాగానే కంటికి ఆననంత వేగంగా అది ముందుకు చాచుకుని, చివరి కొక్కేలతో పట్టేస్తుంది. ఎదిగిన లార్వా రోజుకు పదుల సంఖ్యలో దోమ లార్వాలను తినగలదు. మయన్మార్‌లోని యాంగోన్‌లో ఇళ్ల నీళ్ల తొట్లలో ఎర్ర తూనీగ, అంటే క్రోకోథెమిస్ సెర్విలియా లార్వాలను వానాకాలంలో నెలనెలా వదిలితే డెంగీ దోమ లార్వాలు బాగా తగ్గాయని 1990లో ప్రచురితమైన ప్రయోగం చెప్పింది. మన చెరువుల్లోనూ ఆ తూనీగే ఉంది. అయితే అక్కడ లార్వాలను మనుషులు పెంచి, లెక్కపెట్టి వదిలారు. గోలెం పెట్టి ఊరుకుంటే అలా జరగదు. దోమ వారం పది రోజుల్లో గుడ్డు నుంచి రెక్కల దాకా వస్తుంది. తూనీగ వచ్చి, గుడ్లు పెట్టి, లార్వా ఎదగడానికి నెలకు పైనే పడుతుంది. ఆ మధ్యకాలం మీ పూచీ. వారానికి రెండుసార్లు చూసే మనిషి అపార్ట్‌మెంటులో లేకపోతే గోలెం పెట్టవద్దనే మా సలహా.

చూసేవారు ఉన్నారా, అయితే ఇలా పెట్టండి. 150–200 లీటర్ల వెడల్పాటి గోలెం, లోతు 40–50 సెంటీమీటర్లు. 200 లీటర్లంటే నీళ్లే 200 కిలోలు, మట్టీ గోలెమూ అదనం. స్లాబు నడిమధ్యన కాకుండా కాలమ్ మీదుగా, పిట్టగోడ మూలన పెట్టండి. సిమెంటుది కొత్తదైతే సున్నం దిగి నీళ్లు ఘాటెక్కుతాయి, పెట్టిన మొక్కా వచ్చిన పురుగూ రెండూ చస్తాయి. నీళ్లు నింపి మూడు రోజులకోసారి పారబోస్తూ రెండు మూడు వారాలు ఊరనివ్వాలి. అడుగున 5 సెంటీమీటర్లు కడిగిన దొడ్డు ఇసుక. పేడ ఎరువు, కంపోస్టు వద్దు. నీళ్లు పచ్చబడి, రాత్రిళ్లు ప్రాణవాయువు పడిపోయి లార్వాలు చచ్చేది చాలావరకు వాటితోనే.

మొక్కలు మూడు రకాలు చాలు: కుండీలో ఒక కలువ, ఒక తుంగ దుబ్బు, నీళ్లలో మునిగి ఉండే హైడ్రిల్లా గుప్పెడు. అంతరతామర, గుర్రపుడెక్క వేస్తే నెలలో పైనంతా కప్పేస్తాయి. పైనుంచి ఎగిరే తూనీగ నీళ్ల మెరుపును బట్టే చోటు గుర్తుపడుతుంది, కాబట్టి సగం నీళ్లు తెరిచి ఉండాలి. నాలుగైదు గరుకు వెదురు బద్దలు ఏటవాలుగా, నీటిపైకి అడుగు ఎత్తు వచ్చేలా గుచ్చండి. లార్వా పైకెక్కి కుబుసం విడిచేది వాటి మీదే. రోజుకు ఐదారు గంటల ఎండ కావాలి, ఏప్రిల్, మే నెలల్లో మాత్రం సగానికి గ్రీన్ నెట్ కట్టండి. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, వెడల్పాటి బకెట్లో ఒకటి రెండు రోజులు ఉంచి పోయండి. ఎప్పుడూ మొత్తం నీళ్లు మార్చవద్దు, తగ్గినంతే కలపండి.

దోమ లార్వాలు కనబడితే టీ జల్లెడతో తీసి ఎండలో వేయండి. చేతితో తీయలేనన్ని ఉంటే బీటీఐ అనే బ్యాక్టీరియా మందు వేయవచ్చు, అది దోమ లార్వాలను చంపుతుంది, తూనీగల జోలికి పోదు. టెమెఫాస్ అనే రసాయన దోమ మందు వద్దు. డెంగీ దోమ గుడ్లు పెట్టేది నీళ్లలో కాదు, నీటి అంచుకు కాస్త పైన గోడ మీద. ఆ గుడ్లు ఎండినా నెలల తరబడి బతికి ఉంటాయి. ఆ అంచును వారానికోసారి పీచుతో రుద్దండి. గప్పీ, గంబూసియా చేపలు వేస్తే దోమలు తగ్గుతాయి, తూనీగ పిల్లలూ మిగలవు. రెండింటిలో ఒకటే ఎంచుకోవాలి.

పసిపిల్లలు డాబా మీదికి వచ్చే ఇల్లైతే 5 సెంటీమీటర్ల కన్నుల ఇనుప జాలీ బిగించాకే నీళ్లు పోయండి. ఇదంతా చేసినా కూలర్లు, పూలకుండీల కింది పళ్లేలు, పాత టైర్లు, మూతలేని సంపులు వారానికోసారి ఖాళీ చేయడం మానకూడదు. డెంగీ ఎక్కువగా పుట్టేది అక్కడే, ఆ చిన్న పళ్లేల్లో తూనీగ పెరగదు.

ప్రశ్న: పార్కింగులో మా ఎర్ర కారు బానెట్ మీద తూనీగ తోకతో పదేపదే కొడుతోంది. ఎందుకు?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మియాపూర్

గుడ్లు పెడుతోంది. నీటి మీద పడి తిరిగివచ్చే వెలుగు ఒక తలంలోనే కంపిస్తుంది, అంటే ధ్రువణం చెందుతుంది. తూనీగ కన్ను ఆ తేడాను పట్టగలదు, నీళ్లను గుర్తించేది ప్రధానంగా దానితోనే. నున్నటి ఎర్ర, నల్ల కారు పెయింటు, సోలార్ పలకలు, పాలిష్ చేసిన నల్లరాయి కూడా అలాంటి వెలుగునే ఇస్తాయి. ఒక్కోసారి అసలు చెరువు కంటే గట్టిగా ఇస్తాయి. పెట్టిన గుడ్లన్నీ ఎండకు మాడిపోతాయి.

నష్టం మీకూ ఉంది. కాలిన బానెట్ మీద ఆ గుడ్ల నుంచి పుట్టే ఆమ్లం పెయింటు పైపూతను తినేస్తుందని బ్రెజిల్ పరిశోధకులు చూపారు. ఆ రోజే తడిగుడ్డతో తుడిచేయండి, మెరుపు లేని గుడ్డ కవరు కప్పండి. సోలార్ పలకల మీద సన్నటి తెల్ల గీతలు ఉంటే పురుగులు చాలా తక్కువగా వాలతాయని కూడా తేలింది.

ప్రశ్న: మా చెరువులో మురుగు కలుస్తుంది, అయినా తూనీగలు బోలెడు. తూనీగలుంటే నీళ్లు మంచివని చదివాను. ఇప్పుడు చెరువు చుట్టూ రాతి గోడ, వాకింగ్ ట్రాక్ కడుతున్నారు. ఏమైనా తేడా వస్తుందా?
— కాలేజీ విద్యార్థిని, సఫిల్‌గూడ

తూనీగలు ఎన్ని ఉన్నాయన్నది కాదు, ఎన్ని రకాలు ఉన్నాయన్నది చూడాలి. రెక్కల మీద నారింజరంగు పరుచుకుని, గట్టు గడ్డి మీద చీటికిమాటికి వాలే చిన్న తూనీగ బ్రాకిథెమిస్ కంటామినాటా. మురుగును బాగా ఓర్చుకుంటుంది. ఇదొక్కటే గుంపులుగా కనబడితే నీళ్లు చెడ్డాయని అర్థం. దాంతోపాటు ఎర్ర తూనీగ, గులాబీ ఎరుపు ట్రైథెమిస్ అరోరా, ఆకుపచ్చ-నలుపు చారల ఆర్థెట్రమ్ సబీనా, పసుపురంగు తోకతో రెక్కలు మడిచి కూర్చునే సన్న తూనీగ సెరియాగ్రియాన్ కోరమండలియానమ్ కూడా ఉంటే ఆ చెరువుకు ఇంకా ప్రాణం ఉంది. ఎండ కాసే రోజున ఉదయం 10 నుంచి 12 లోపు, ఒకే 200 మీటర్ల గట్టు వెంట, పదిహేను రోజులకోసారి నడిచి రకాలు రాసుకోండి. ఏడాది రాస్తే చెరువు ఎటు పోతోందో మీకే తెలుస్తుంది.

గోడతో చాలా తేడా వస్తుంది. సన్న తూనీగలన్నీ, పెద్ద తూనీగల్లో కొన్నీ మొక్కల కాండాన్ని చీల్చి లోపల గుడ్లు పెడతాయి. నీళ్లలో నిలబడిన జమ్ము, తుంగ లేకపోతే వాటికి గుడ్లు పెట్టే చోటే లేదు. లార్వాలు చేపల నుంచి దాక్కునేది, పైకెక్కి రెక్కలు ఆరబెట్టుకునేది కూడా ఆ ఒడ్డునే. చెరువు నడుమ ఎంత నీరున్నా ఏటవాలు ఒడ్డు పోతే తూనీగలు పోతాయి. అందం పేరుతో ఒడ్డును నిలువు గోడ చేయడం చెరువును ట్యాంకుగా మార్చడమే. ఇది మేం గట్టిగానే చెబుతున్నాం.

ట్రాక్ తప్పదంటే దాన్ని గట్టు పైన వేయించి, నీటి అంచున రెండు మూడు మీటర్ల పట్టీ మొక్కలకు వదలమని అడగండి. గుర్రపుడెక్క తీయాల్సిందే, అది నీళ్లను ఊపిరాడనివ్వదు. కానీ తీసిన కుప్పను లారీకెత్తే ముందు ఒక రోజు నీటి అంచునే ఉంచితే వేళ్లలో చిక్కిన లార్వాలు పాక్కుంటూ నీళ్లలోకి దిగుతాయి. జమ్మును ఒకేసారి మొత్తం కోయకుండా ఒక పట్టీ విడిచి ఒక పట్టీ కోయించండి. నగరంలోని చెరువుల్లో అమీన్‌పూర్ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు వచ్చింది. మీ లెక్కల పుస్తకం పట్టుకుని ఆ ఉదాహరణ చూపితే అధికారులతో మాట్లాడటం తేలిక.

ప్రశ్న: ఏడో తరగతి పిల్లలకు తూనీగ పుట్టుక చూపించాలి. క్లాసులో పెంచవచ్చా?
— టీచర్, బోయిన్‌పల్లి

పెంచవచ్చు. కేబీఆర్ లాంటి జాతీయ పార్కుల నుంచి ఏమీ తేకూడదు. తామర తొట్టి, వాడని సిమెంటు ట్యాంకు చాలు. వంటింటి జల్లెడను అడుగు బురద మీదుగా లాగి తెల్ల పళ్లెంలో బోర్లించండి. నిదానంగా కదిలి, ముట్టుకోగానే వెనక నుంచి నీళ్లు చిమ్ముకుని ముందుకు దూసుకుపోయేదే తూనీగ లార్వా. అది ఊపిరి పీల్చేదీ ఆ దారినే, మొప్పలు పెద్దపేగు చివర ఉంటాయి. తోక చివర మూడు ఆకుల్లాంటివి ఉంటే అది సన్న తూనీగది. వీపు మీద రెక్కల మొగ్గలు ఉబ్బి, పొట్ట నాలుగో కణుపు దాకా వచ్చినదాన్ని ఎంచుకుంటే కొద్ది రోజుల్లోనే ఫలితం చూస్తారు.

ఒక సీసాకు ఒకటే లార్వా. రెండు వేస్తే పొద్దుటికి ఒకటే ఉంటుంది. ఐదు లీటర్ల వెడల్పు మూతి గాజుసీసా, పట్టుకొచ్చిన చోటి నీళ్లే, అడుగున వేలెడు ఇసుక, హైడ్రిల్లా రెండు రెమ్మలు, నీటిపైకి 20 సెంటీమీటర్లు వచ్చే గరుకు పుల్ల. పుల్ల కొస పైన ఇంకో 15 సెంటీమీటర్లు ఖాళీ ఉండేలా దోమతెర గుడ్డ కట్టాలి. రోజూ 10–15 దోమ లార్వాలు వేయండి. కామా ఆకారంలో ఉన్న ప్యూపాలను, అంటే రెక్కలు రాబోయే దశలో ఉన్నవాటిని ఏరేయండి, లేకపోతే క్లాసులోనే దోమలు లేస్తాయి. మూడు రోజులకోసారి మూడోవంతు నీళ్లు మార్చండి, నల్లా నీళ్లు నేరుగా పోయవద్దు.

లార్వా తినడం మానేసి, తల నీటిపైకి పెట్టి కూర్చుంటే సమయం దగ్గరపడింది. ఎక్కువగా రాత్రి లేదా తెల్లవారుజామున పుల్ల ఎక్కుతుంది. వీపు చీలి, తల, రొమ్ము ముందు బయటికి వస్తాయి. కాళ్లు గట్టిపడేదాకా వెనక్కి వేలాడి, తర్వాత తోక లాక్కుంటుంది. ఈ గంటా రెండు గంటలు ఫ్యాను గాలి తగిలినా, ఎవరైనా ముట్టుకున్నా రెక్కలు ముడతపడి అలాగే బిగుసుకుపోతాయి, ఇక అది ఎగరదు. పుల్లకు మిగిలిన కుబుసాన్ని భూతద్దంతో చూపించండి. వీపు చీలిక దగ్గర తెల్లటి పోగులు వేలాడుతుంటాయి. అవి ఊపిరి గొట్టాల లోపలి పొరలు, అవి కూడా కుబుసంతోనే ఊడిపోతాయి.

ఒక మాట పిల్లలకు తప్పక చెప్పండి. తోకకు దారం కట్టి ఎగరేసే ఆట వద్దు. తోకలా కనబడేది నిజానికి దాని పొట్ట, దాన్ని పంపులా ఆడించే తూనీగ గాలి పీలుస్తుంది. దారం బిగిస్తే ఊపిరి అందదు, గుడ్లు పెట్టలేదు.

ప్రశ్న: మూడెకరాల వరి. తూనీగలు బాగా తిరుగుతున్నాయి, దోమ మందు కొట్టడం మానవచ్చా?
— రైతు, ఇబ్రహీంపట్నం

వాటిని చూసి మానకండి, దుబ్బులు చూసి తేల్చుకోండి. పైరు మీదుగా ఎగిరే పెద్ద తూనీగలు ఆకుముడత, కాండం తొలిచే పురుగు తల్లి రెక్కల పురుగులను పడతాయి. మీరు మందు కొట్టే సుడిదోమ, అంటే వరి రసం పీల్చే పురుగు, ఉండేది దుబ్బు మొదట్లో. అక్కడ దూరి వేటాడేవి అగ్రియాక్నెమిస్ జాతి చిన్న సన్న తూనీగలు, సాలీళ్లు. అందుకని వారానికి రెండుసార్లు పొలం నడుమ దుబ్బులు వంచి మొదళ్లు చూడండి. పురుగు వ్యవసాయ విస్తరణాధికారి చెప్పే నష్టస్థాయి దాటితేనే మందు.

నాట్లప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తీస్తే గాలి ఆడి సుడిదోమ తగ్గుతుంది, తూనీగలకూ దారి. ఎకరానికి పది పదిహేను సన్న వెదురు పుల్లలు పైరు కంటే అడుగు ఎత్తున గుచ్చండి. ఆరుతడి పెట్టేవారు పొలం మూలన మీటరు పొడవు, మీటరు వెడల్పు, అర మీటరు లోతు గుంత ఉంచితే తడి ఆరినప్పుడు లార్వాలు అందులో బతుకుతాయి. ముందు జాగ్రత్త పేరుతో నారుకే ఫిప్రోనిల్ వేయడం మానండి. జపాన్‌లో నారు పెట్టెల్లో ఆ మందు వాడకం పెరిగాక వరి పొలాల ఎర్ర తూనీగలు (మన ఎర్ర తూనీగ కాదు, సింపెట్రమ్ జాతివి) దారుణంగా తగ్గిపోయాయి.

ప్రశ్న: మధ్యాహ్నం తూనీగ తోకను నిట్టనిలువుగా ఎత్తి కూర్చుంటుంది. జబ్బా? ఇంకొకటి మా గ్రానైటు ప్రహరీ మీద రాయిలోనే కలిసిపోయి ఉంటుంది. పేరేమిటి?
— పాఠకుడు, బంజారాహిల్స్

జబ్బు కాదు. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు తోకను అటే చూపిస్తే ఒంటి మీద పడే ఎండ తగ్గుతుంది. అదే తూనీగ పొద్దున చలికి పక్కవాటుగా కూర్చుని ఎండ కాచుకోవడం కూడా గమనించవచ్చు.

ప్రహరీ మీదిది బ్రాడినోపైగా జెమినాటా. బూడిద, నలుపు మచ్చలతో మన గ్రానైటు రంగే. రాయికి పూర్తిగా అతుక్కుని కూర్చుంటుంది. రెక్కల కొసన ఉండే చిన్న గడి నడుమ నల్లగా, రెండు చివర్లా తెల్లగా ఉంటే అదే. బండల మీది గుంటల్లో, సిమెంటు ట్యాంకుల్లో పెరుగుతుంది కాబట్టి హైదరాబాద్‌లో దీనికి కొదవలేదు. ఫొటో తీయాలంటే నీడ దాని మీద పడకుండా, కిందుగా వంగి, నెమ్మదిగా వెళ్లండి. ఎగిరిపోతే అక్కడే కదలకుండా ఉండండి, చాలాసార్లు అదే చోటికి తిరిగి వస్తుంది. పైనుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, తోక కొస కనబడేలా ఒకటి తీసి ఐనాచురలిస్ట్ అనే వెబ్‌సైట్‌లో పెడితే పేరు చెప్పేవారు ఉన్నారు. సన్న తూనీగలకు మాత్రం పక్క నుంచి తీసినది తప్పనిసరి, రొమ్ము మీది చారలు కనబడకపోతే వాటిలో చాలావాటిని విడదీయలేం.